తొలి రౌండ్ బైలు: ఎన్ని ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి, భారం ఎవరి మీద పడుతుంది

ట్రేడింగ్ కార్డ్ గేమ్ (ఎవరి కార్డులతో వాళ్లు సొంత కట్ట, అంటే డెక్, కట్టుకుని వచ్చి ఆడే ఆట) టోర్నమెంట్‌లో బై వచ్చినవాళ్లు ఆ రౌండ్ ఆడరు, కానీ ఆడి గెలిచినట్టే పాయింట్లు పడతాయి. అలాంటి ఆటల్లో ఒకటైన మ్యాజిక్: ద గ్యాదరింగ్ నియమాల్లో అది 2-0 గెలుపు (మ్యాచ్‌లో రెండు గేమ్‌లు గెలిచి ఒక్కటీ ఓడనట్టు) కింద లెక్క: 3 మ్యాచ్ పాయింట్లు, 6 గేమ్ పాయింట్లు. బైల మీద జరిగే వాదనల్లో సగం, రెండు వేరు వేరు సంగతులను ఒకే గాటన కట్టడం వల్ల పుట్టేవే.

మొదటిది బేసి బై. 23 మంది వచ్చారు, జతలు వేస్తే ఒకరు మిగిలారు, ఆ మిగిలినవారికి ఇచ్చేది. పిల్లల్ని చెస్ టోర్నీలకు తిప్పిన తల్లిదండ్రులకు ఇది బాగా తెలుసు. స్విస్ పద్ధతి (ఓడినవాళ్లను ఇంటికి పంపకుండా, ప్రతి రౌండ్‌లో సమాన స్కోరు ఉన్నవాళ్లను జత కట్టే పద్ధతి) ఉన్న ప్రతిచోటా ఇది తప్పదు. రెండోది బహుమతి బై. ముందు జరిగిన ట్రయల్ (బై కోసం పెట్టే చిన్న టోర్నీ) గెలిచినందుకో, ర్యాంకింగ్‌లో పైన ఉన్నందుకో, నిర్వాహకులు కావాలని ఇచ్చేది. బేసి బై లెక్క కుదరక వచ్చింది, బహుమతి బై ఎవరో నిర్ణయించి ఇచ్చింది. కాబట్టి న్యాయం అనే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సింది రెండోదాని గురించే.

బేసి బైని ముందు తేల్చేద్దాం

మొదటి రౌండ్‌లో అందరి స్కోరూ సున్నాయే కనుక బేసి బై లాటరీలాగే పడుతుంది. రెండో రౌండ్ నుంచి అప్పటివరకు బై రానివాళ్లలో అట్టడుగున ఉన్నవారికి ఇవ్వాలి. ఒకే మనిషికి రెండుసార్లు ఇవ్వకూడదు. ఈ రెండూ సాఫ్ట్‌వేర్ తనంతట తానే చూసుకుంటుంది, చేత్తో జతలు వేసేటప్పుడే మరిచిపోతారు.

చిన్న టోర్నీల్లో పనికొచ్చే ఉపాయం ఒకటుంది. మొదటి రౌండ్‌లో ఒకరికి బేసి బై పడ్డాక, ఐదు నిమిషాలకు ఇంకొకరు పరుగున వచ్చి పేరు ఇచ్చారనుకోండి. ఆ బై తీసేసి ఇద్దరినీ జత కట్టండి, ఆ టేబుల్‌కు మాత్రం పోయిన నిమిషాలు కలపండి. ఒక ఉచిత గెలుపూ ఒక ఉచిత ఓటమీ రెండూ తప్పుతాయి. పది నిమిషాలు దాటితే మాత్రం ముట్టుకోవద్దు. అప్పటికి బై వచ్చినవారు టీకో భోజనానికో బయటికి వెళ్లి ఉంటారు. ఆలస్యంగా వచ్చినవారికి మొదటి రౌండ్ ఓటమి వేసి రెండో రౌండ్ నుంచి చేర్చుకోండి.

బహుమతి బై విలువ ఎంత

చూడటానికి ఒక గెలుపే. అసలు విలువ మాత్రం తర్వాతి దశకు పంపే గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టి ఉంటుంది. మ్యాజిక్‌లో 1997లో మొదలైన గ్రాండ్ ప్రీ టోర్నీలు దీనికి మంచి ఉదాహరణ. వాటిలో ఒకప్పుడు మూడు బైల వరకు దొరికేవి. ఒక దశలో మొదటి రోజు 9 రౌండ్లు ఆడించి, 7 గెలుపులు 2 ఓటములు లేదా అంతకంటే మెరుగ్గా ఉన్నవాళ్లను రెండో రోజుకు పంపేవారు.

ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం సరిగ్గా సగం ఉన్న ఆటగాణ్ణి తీసుకోండి. బై లేకపోతే 9లో 7 గెలవాలి. ఆ అవకాశం 9%. ఒక బై ఉంటే 8లో 6, అంటే 14.5%. రెండు ఉంటే 7లో 5, 22.7%. మూడు ఉంటే 6లో 4 చాలు, 34.4%. ఆట ఏమాత్రం మెరుగుపడకుండానే రెండో రోజు చూసే అవకాశం దాదాపు నాలుగింతలైంది. 60% గెలిచే బలమైన ఆటగాడికైతే 23% కాస్తా 54% అవుతుంది.

ఈ అంకెల్లో కొంచెం అతి ఉంది. మూడు బైలతో వచ్చినవారి మొదటి ప్రత్యర్థి కూడా అప్పటికే 3-0తో ఉన్నవాడు. అందరితో సమానంగా గెలిచే అవకాశం అక్కడ ఉండదు. అయినా దిశ మారదు. రెండో బై మొదటిదానికంటే ఎక్కువ శాతం కలుపుతుంది, మూడోది రెండోదానికంటే ఎక్కువ. 5.5, 8.2, 11.7 అని పెరుగుతూ పోవడం చూడండి. ఒక బై ఇచ్చినప్పుడు పెద్దగా ఏమీ కాలేదు కదా, ఇంకోటి ఇస్తే ఏం పోయిందిలే అనే నిర్వాహకుడు పొరబడేది ఇక్కడే. గ్రాండ్ ప్రీల్లో కూడా తర్వాత గరిష్ఠాన్ని మూడు నుంచి రెండుకు దించారు.

అంకెల్లోకి రాని లాభాలు రెండు. ఒకటి విశ్రాంతి: రౌండుకు 50 నిమిషాలు, మధ్యలో ఫలితాలు, జతలు; మూడు బైలంటే మూడు గంటలకు పైగా మెదడు ఖాళీగా ఉన్నట్టు. తొమ్మిదో రౌండ్‌లో ఆ తేడా తెలుస్తుంది. రెండోది వేగు. బై ఉన్నవాళ్లు మొదటి రౌండ్ అంతా హాల్లో తిరుగుతూ ఎవరు ఏ డెక్ ఆడుతున్నారో చూసుకోవచ్చు. వాళ్లు చూస్తుంటే ఆపలేరు, ఆపాల్సిన పనీ లేదు. చూశాక డెక్ మార్చే వీలు లేకుండా చేయడమే మీ చేతుల్లో ఉంది. అది ఎలాగో తర్వాత వస్తుంది.

ఆ గెలుపు ఎవరి జేబులోంచి వస్తుంది

బహుమతి బై వల్ల ఎవరికీ నష్టం లేదనీ, ఆ రౌండ్‌లో ఎవరూ ఓడిపోలేదు కదా అనీ అంటారు. సరిగ్గా అదే సమస్య. మామూలు మ్యాచ్‌లో ఒక గెలుపుకు ఒక ఓటమి ఉంటుంది. బైలో గెలుపు ఉంది, ఓటమి లేదు. ఆ మిగిలిన గెలుపు పట్టికలో పైనుంచి కిందికి నెట్టుకుంటూ పోయి, టాప్ 8 (స్విస్ రౌండ్లయ్యాక ఓడితే ఔట్ దశకు వెళ్లే మొదటి ఎనిమిది మంది) గీత దగ్గర ఎవరినో బయట పడేస్తుంది.

32 మంది, 5 రౌండ్లు, టాప్ 8. అందరూ సమఉజ్జీలే అనుకుందాం. బైలు లేకపోతే ఒకరు 5-0, ఐదుగురు 4-1తో ముగిస్తారు. మిగిలిన రెండు చోట్ల కోసం 3-2తో ఉన్న పదిమంది టైబ్రేక్‌లో, అంటే సమాన పాయింట్లవాళ్లను విడదీసే లెక్కలో, పోటీపడతారు. ఇప్పుడు అదే 32 మందిలో 8 మందికి ఒక్కో బై ఇవ్వండి. బై ఉన్నవారు 4-1 లేదా అంతకంటే పైకి రావాలంటే 4లో 3 గెలిస్తే చాలు, 31%. లేనివారు 5లో 4 గెలవాలి, 19%. లెక్క కడితే 4-1 లేదా మెరుగ్గా సుమారు ఏడుగురు ఉంటారు. 3-2 వాళ్లకు మిగిలేది ఒక్క చోటు. ఆ చోటు కోసం నిలబడే పదిమందిలో ముగ్గురు బై ఉన్నవాళ్లే, వాళ్ల టైబ్రేక్ మిగతావాళ్లకంటే బాగుంటుంది. ఎందుకో రెండు విభాగాల తర్వాత చూద్దాం.

అంటే భారం మోసేది ఛాంపియన్ కాదు, మొదటి రౌండ్‌లో ఓడినవాడూ కాదు. డబ్బు కట్టి, ప్రయాణం చేసి వచ్చి, మూడు మ్యాచ్‌లు చేతులారా గెలిచి తొమ్మిదో స్థానంలో ఆగిపోయినవాడు. బైల పద్ధతి న్యాయమా కాదా అని తేల్చుకోవాలంటే అతని వైపు నుంచి చూడాలి.

ఇంకో వైపూ ఉంది, అది కూడా చెప్పుకోవాలి. బై ఉన్నవాళ్లు బలమైనవాళ్లయితే, మొదటి రౌండ్‌లో మిగతావాళ్లకు వాళ్లు ఎదురుపడరు. కొత్తవాళ్లకు ఆ ఒక్క రౌండ్ తేలికవుతుంది. పైగా రెండో రౌండ్‌లో బై ఉన్నవాళ్లు ఒకరినొకరు ఢీకొంటారు. పై ఉదాహరణలో గెలిచిన 12 మంది, బై ఉన్న 8 మంది కలిసి 1-0తో 20 మంది. బై ఉన్న ఒకరికి మరో బై ఉన్నవారు తగిలే అవకాశం 19లో 7, అంటే 37%. ఇచ్చినదాంట్లో కొంత అక్కడ ఖర్చయిపోతుంది, అంతా కాదు.

రౌండ్ల లెక్క సరిచేయండి

బైలు ఇచ్చే నిర్వాహకులు ఎక్కువగా చేసే తప్పు ఇదే: వచ్చిన మనుషుల సంఖ్యను బట్టి రౌండ్లు పెట్టడం. మ్యాజిక్ నియమాల పట్టికలో 17 నుంచి 32 మందికి 5 రౌండ్లు, 33 నుంచి 64కు 6, 65 నుంచి 128కి 7, 129 నుంచి 226కు 8. ఈ పట్టిక ప్రతి గెలుపుకూ ఒక ఓటమి ఉందని నమ్ముతుంది. బైలు ఉంటే ఆ నమ్మకం తప్పుతుంది.

సరిచేసే పద్ధతి సులువు. ఒక బై ఉన్నవారిని ఇద్దరుగా లెక్కించండి. రెండు బైలు ఉంటే నలుగురుగా, మూడు ఉంటే ఎనిమిది మందిగా. కారణం ఏమిటంటే, 8 మందితో మొదలైతే మూడు రౌండ్ల తర్వాత 3-0తో మిగిలేది ఒక్కరే. మూడు బైలతో నేరుగా 3-0 దగ్గర నిలబడ్డ మనిషి కాగితం మీద ఆ 8 మందినీ దాటి వచ్చినట్టే. కనుక 32 మందిలో 8 మందికి ఒక బై ఉంటే అది 40 మంది టోర్నీ: 5 రౌండ్లు చాలవు, 6 కావాలి. 6 ఆడిస్తే 5-1 లేదా మెరుగ్గా నలుగురు, 4-2తో ఎనిమిది మంది వస్తారు. గీత దగ్గర పదిమందిలో ఒక్కరికి చోటు దొరికే పరిస్థితి పోయి, ఇద్దరిలో ఒకరికి దొరుకుతుంది.

దీన్ని తిరగేసి వాడటం ఇంకా మంచిది. బైలు కలిపిన సంఖ్య పట్టికలో అదే వరుసలో ఉండేలా చూసుకోండి. 28 మంది వస్తే 4 బైల వరకు 5 రౌండ్లలోనే సర్దుకుంటుంది. 50 మంది వస్తే 14 వరకు కాగితం మీద చోటుంది, కానీ అన్ని ఇవ్వకండి. వచ్చినవాళ్లలో ఎనిమిదో వంతు దాటితే మొదటి రౌండ్ చూసేవాళ్లకే వింతగా కనిపిస్తుంది. అదనపు రౌండ్ అంటే గంటకు పైగా సమయం. రాత్రి హాలు ఎప్పుడు ఖాళీ చేయాలో చూసుకోకుండా ఆరో రౌండ్ ప్రకటించొద్దు. ఎంతమంది వస్తారో ముందు తెలియదు కాబట్టి, ప్రకటనలో రౌండ్ల సంఖ్య రాయకుండా ‘ఆటగాళ్లు, బైలు కలిపిన సంఖ్యను బట్టి రౌండ్లు’ అని రాయండి.

ఇంకో చిన్న లెక్క: బైలు తీసేశాక మిగిలినవాళ్లు సరి సంఖ్య కావాలి. 31 మందిలో 6 మందికి బై ఉంటే 25 మిగులుతారు, అందులో ఒకరికి మళ్లీ బేసి బై పడుతుంది. సరి చేయడం కోసం అప్పటికప్పుడు ఇంకొకరికి బహుమతి బై సృష్టించడం, ఉన్నది పీకేయడం రెండూ తప్పే. బేసి బై లాటరీలో పడనివ్వండి.

టైబ్రేక్‌లో దాగిన రెండో బహుమతి

సమాన పాయింట్లు ఉన్నవాళ్లను విడదీయడానికి మొదట చూసేది ప్రత్యర్థుల గెలుపు శాతం. మ్యాజిక్‌లో ఒక్కో ప్రత్యర్థి తెచ్చుకున్న మ్యాచ్ పాయింట్లను, ఆడిన రౌండ్లకు రాగలిగిన మొత్తంతో భాగిస్తారు. అది 0.33 కంటే తక్కువ వస్తే 0.33గానే తీసుకుంటారు. తర్వాత అందరిదీ సగటు కడతారు. పోకెమాన్ కార్డ్ గేమ్‌లో ఆ కనీసం 25%. ఈ సగటులో బై వచ్చిన రౌండ్‌ను లెక్కించరు.

వినడానికి సబబుగానే ఉంది. ఆచరణలో ఏమవుతుందో చూడండి. ఇద్దరు 4-1తో ముగించారు. మొదటివారికి తొలి రౌండ్ బై, ఆడిన నలుగురూ 12, 9, 9, 12 పాయింట్లతో ముగించారు. 15కి భాగిస్తే 0.8, 0.6, 0.6, 0.8, సగటు 0.700. రెండోవారికి బై లేదు. అవే నాలుగు స్కోర్లున్న ప్రత్యర్థులు, వాళ్లతోపాటు మొదటి రౌండ్‌లో తగిలిన ఒక కొత్త ఆటగాడు. అతను రెండు ఓడి ఇంటికెళ్లిపోయాడు, అతని లెక్క 0.33. సగటు 0.626. రెండోవారు ఒక మ్యాచ్ ఎక్కువ ఆడి, గెలిచి, వెనకబడ్డారు.

మొదటి రౌండ్‌లోనే బలహీనమైన ప్రత్యర్థి తగిలే అవకాశం అన్నిటికంటే ఎక్కువ. ఎందుకంటే అక్కడ జతలు స్కోరు చూసి వేసేవి కావు. బై ఉన్నవారికి ఆ ప్రమాదమే లేదు. వాళ్ల మొదటి ప్రత్యర్థి ఒకటి గెలిచినవాడో, తమలాగే బై ఉన్నవాడో అయి ఉంటాడు. కాబట్టి బై అంటే మూడు పాయింట్లతో పాటు టైబ్రేక్‌లో ఒక మెట్టు కూడా.

మీ సొంత టోర్నీకి మీరే నియమాలు రాసుకునే వీలుంటే దీనికి సులువైన మందు ఉంది: బహుమతి బైని 0.33 లెక్క ఉన్న ప్రత్యర్థిగా లెక్కించండి. పై ఉదాహరణలో మొదటివారిదీ 0.626 అయిపోతుంది. అధికారిక టోర్నీల్లో ఈ మార్పు కుదరదు; అక్కడ ప్రచురించిన నియమమే అమలు కావాలి.

ఎవరికి ఇవ్వాలి

దేన్ని కొలిచి బై ఇస్తే ఆటగాళ్లు దాని వెంటే పడతారు. మ్యాజిక్ చరిత్రలో ఇది రెండుసార్లు రుజువైంది. మొదట్లో ఎలో రేటింగ్ (గెలిస్తే పెరిగి, ఓడితే తగ్గే స్కోరు) చూసి బైలు ఇచ్చేవారు. రేటింగ్ పైకి వెళ్లినవాళ్లు దాన్ని కాపాడుకోవడానికి చిన్న టోర్నీలు ఆడటం మానేశారు. బై కావాలంటే ఆడకుండా కూర్చోవడమే లాభం అన్న స్థితి. 2011లో దాని స్థానంలో ప్లేన్స్‌వాకర్ పాయింట్లు వచ్చాయి. అవి ఆడేకొద్దీ పెరగడమే తప్ప తరిగేవి కావు. దాంతో సమస్య తిరగబడింది. వారానికి నాలుగు టోర్నీలు జరిగే నగరంలో తీరిక ఉన్నవాడు, నెలకొకటి జరిగే ఊళ్లోని మంచి ఆటగాణ్ణి దాటిపోయాడు.

ట్రయల్ గెలిచి బై తెచ్చుకోవడం వీటికంటే నయం. దాన్ని అందరి కళ్ల ముందు ఆడి సంపాదిస్తారు. దానికీ మూడు షరతులు పెట్టండి. కనీస హాజరు: 8 మంది ట్రయల్‌కూ 40 మంది ట్రయల్‌కూ ఒకే బై ఇవ్వడం కుదరదు, 16 కంటే తక్కువ వస్తే బైకి బదులు ప్రవేశ రుసుము మాఫీ చేయండి. ఫార్మాట్ (ఏ కార్డులు వాడొచ్చన్న నియమం): పెద్ద టోర్నీ ఏ ఫార్మాట్‌లో ఉందో ట్రయల్ కూడా అందులోనే. ఊళ్లు: హైదరాబాద్‌లో టోర్నీ పెట్టి ట్రయల్స్ కూడా హైదరాబాద్‌లోనే జరిపితే, విశాఖ నుంచో తిరుపతి నుంచో రాత్రి బస్సెక్కి వచ్చేవారికి మొదటి రౌండ్‌లోనే ఒక గెలుపు వెనకబాటు. ఆ ఊళ్లలో జరిపే వీలు లేకపోతే ముందురోజు సాయంత్రం టోర్నీ వేదికలోనే చివరి ట్రయల్ పెట్టండి. గ్రాండ్ ప్రీల్లో శుక్రవారం రాత్రి ఇలాగే నడిపేవారు.

బై అమ్మడం, స్పాన్సర్ చుట్టాలకు ఇవ్వడం, స్టోర్‌లో సాయం చేసినందుకు ఇవ్వడం వద్దు. కృతజ్ఞత చూపాలంటే కార్డులు ఇవ్వండి, టీ షర్ట్ ఇవ్వండి. పాయింట్లు మీవి కావు, హాల్లో ఉన్న అందరివీ. బదిలీ కూడా వద్దు. గెలిచినవారు రాకపోతే రెండో స్థానంలో ఉన్నవారికి దిగదు, రద్దవుతుంది.

ఒకరికి ఒక బైకి మించకూడదు. 9 రౌండ్ల కంటే తక్కువ ఉన్న టోర్నీలో రెండో బైకి సమర్థన ఏదీ కనిపించదు. నాలుగు రౌండ్ల శుక్రవారం టోర్నీలోనైతే మొదటిది కూడా వద్దు. అక్కడ ఒక బై అంటే ఆటలో పావు వంతు.

టోర్నీ రోజు వరస

బైల జాబితాను, ఎవరికి ఎందుకు వచ్చిందో కారణంతో సహా, పేర్ల నమోదు ముగిసేలోపే బయట పెట్టండి. మొదటి రౌండ్ జతలు గోడకెక్కాక బయటపడితే ఎంత న్యాయమైన బై అయినా చాటుమాటు వ్యవహారంలా కనిపిస్తుంది.

బై ఉన్నవాళ్లు కూడా మిగతావాళ్లతో పాటే, మొదటి రౌండ్‌కు ముందే, స్వయంగా వచ్చి హాజరు చెప్పాలి. డెక్ లిస్ట్, అంటే డెక్‌లో ఉన్న కార్డుల జాబితా, అప్పుడే ఇవ్వాలి. ఈ రెండూ ఎందుకంటే: హాజరు తీసుకోకపోతే, రాని మనిషికి ఉచిత గెలుపు పడుతుంది, రెండో రౌండ్‌లో అతని ఎదుట కూర్చున్నవారికి కూడా ఉచిత గెలుపు పడుతుంది, ఒక్క గైర్హాజరుతో రెండు దొంగ గెలుపులు. డెక్ లిస్ట్ తీసుకోకపోతే, హాల్లో తిరిగి చూసి సైడ్‌బోర్డ్‌లో (గేమ్‌ల మధ్య డెక్‌లోకి మార్చుకునే అదనపు కార్డుల్లో) రెండు కార్డులు మార్చుకునే వీలు ఇచ్చినట్టే. లిస్ట్‌ను ఆన్‌లైన్‌లో తీసుకుంటుంటే గడువు అందరికీ ఒకటే పెట్టి, ఆ నిమిషానికి ఫారం మూసేయండి.

బై వద్దు, ఆడతాను అనేవాళ్లు ఉంటారు. ముఖ్యంగా దూరం నుంచి ఆట కోసమే వచ్చినవాళ్లు. జతలు వేసేలోపు అడిగితే ఒప్పుకోండి. వేశాక కాదు, ఎవరెవరు ఎవరికి పడ్డారో చూసి నిర్ణయించుకోవడం అవుతుంది.

తర్వాత సాఫ్ట్‌వేర్. బైలు మొదటి రౌండ్ జతలు వేయకముందే ఎక్కించాలి. ముందురోజు పది దొంగ పేర్లతో ఒక నకిలీ టోర్నీ సృష్టించి, మీరు వాడే దాంట్లో బహుమతి బై వేసే వీలు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే చాలామంది ‘బై 1’, ‘బై 2’ అని డమ్మీ ఆటగాళ్లను చేర్చి, జత కట్టి, 2-0 అని ఫలితం వేసి, మొదటి రౌండ్ తర్వాత ఆ డమ్మీలను తీసేస్తారు. ఇది పనిచేస్తుంది, కానీ రెండు పక్క ఫలితాలున్నాయి. డమ్మీలు కూడా లెక్కలోకి వచ్చి సాఫ్ట్‌వేర్ 32కి బదులు 40 అని చూపి 6 రౌండ్లు సూచిస్తుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం అదే సరైన సంఖ్య, యాదృచ్ఛికమే అయినా. రెండోది, ఓడిన డమ్మీ 0.33తో బై ఉన్నవారి టైబ్రేక్‌లో చేరుతుంది. అది మీ నియమాల్లో ముందే రాసి ఉంటే మంచిదే, లేకపోతే ఎవరికీ చెప్పకుండా నియమం మార్చినట్టు. డమ్మీలను తీయడం మరిచిపోతే రెండో రౌండ్‌లో అవి 0-1 వాళ్లకు ప్రత్యర్థులుగా వచ్చి కూర్చుంటాయి. హాల్లో ‘బై 3 ఎక్కడ?’ అని వెతికేవాళ్లు కనిపిస్తే జరిగింది ఇదే.

తప్పు దొర్లితే

జతల పట్టికలో తన పేరు పక్కన ప్రత్యర్థి పేరు చూసిన బై ఆటగాడు వెంటనే చెప్పాలి. ఆట మొదలవకముందే తెలిస్తే సరిచేయడం తేలిక: అతనికి బై వేసి, ఒంటరైన ప్రత్యర్థిని బేసి బై ఉన్నవారితో జత కట్టండి. బేసి బై ఎవరికీ లేకపోతే ఆ ప్రత్యర్థికే బేసి బై. మొదటి గేమ్ నడుస్తుండగా తెలిస్తే, ఆ మ్యాచ్ అలాగే సాగనివ్వడం మేలు. ఆడటానికి కూర్చున్నాక ఓడిపోతున్నప్పుడు బై గుర్తొచ్చే మనుషులు ఉంటారు, వాళ్లకు తలుపు తెరవకూడదు. ఈ మాట ప్రకటనలోనే ఉండాలి: కూర్చుని ఆట మొదలుపెడితే బై వదులుకున్నట్టే.

రెండో రౌండ్‌కు బై ఆటగాడు ఆలస్యంగా వస్తే ఏ మినహాయింపూ లేదు. మ్యాజిక్ పోటీ స్థాయి నియమాల్లో రౌండ్ మొదలయ్యేసరికి కుర్చీలో లేకపోతే ఒక గేమ్ ఓటమి, పది నిమిషాలకు మ్యాచ్ ఓటమి, టోర్నీ నుంచి తొలగింపు. బై ఉన్నవాళ్లే ఎక్కువగా ఇందులో పడతారు. మొదటి రౌండ్ గడువు 50 నిమిషాలు కదా అని బయట భోజనానికి వెళ్తారు. అందరూ 35 నిమిషాలకే ముగిస్తే రెండో రౌండ్ ముందే మొదలైపోతుంది. రెండో రౌండ్ ఎప్పుడైనా మొదలుకావచ్చని వాళ్లకు నోటితో చెప్పండి.

బైలు వాడకూడని చోట్లు

ఎనిమిది మంది కూర్చునే డ్రాఫ్ట్ పాడ్‌లో (అక్కడికక్కడే ప్యాకెట్లు విప్పి, కార్డులు ఎంచుకుని డెక్ కట్టుకునే గుంపులో) బహుమతి బై పెట్టొద్దు. పాడ్ లోపలే జతలు వేయాలి కనుక ఒకరికి బై ఇస్తే ఏడుగురు మిగిలి ఇంకొకరికి బేసి బై తప్పదు. మూడు రౌండ్లలో ఒకటి అలా పోతుంది. నేరుగా ఓడితే ఔట్ పద్ధతిలో 11 మంది ఉంటే 16కు సరిపెట్టడానికి 5 బైలు ఎలాగూ కావాలి, వాటిని ముందు దశలో పైన నిలిచినవాళ్లకు వరసగా ఇవ్వండి. అక్కడ కొత్తగా బహుమతి బైలు చేర్చాల్సిన పని లేదు.

పాయింట్లు ముట్టుకోకుండా ప్రతిభకు గుర్తింపు ఇచ్చే దారులు చాలా ఉన్నాయి. ప్రవేశ రుసుము మాఫీ, ముందు వరస టేబుల్, ప్రత్యేక ప్లేమ్యాట్. మ్యాజిక్‌లో టాప్ 8లో ఎవరు ముందు ఆడాలో స్విస్‌లో పై స్థానంలో ఉన్నవారే ఎంచుకుంటారు. అది ఆ టోర్నీలోనే ఆడి సంపాదించుకున్న లాభం, దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

టోర్నీ అయ్యాక పట్టిక మూసేయకుండా 8, 9 స్థానాలు చూడండి. ఇద్దరి పాయింట్లూ సమానమై, ఎనిమిదో స్థానంలో బై ఉన్నవారు, తొమ్మిదిలో లేనివారు ఉంటే ఒక చోట రాసిపెట్టుకోండి. ఒక్క టోర్నీలో అలా జరిగితే దాన్నుంచి తేల్చేదేమీ లేదు. నాలుగైదు టోర్నీల్లో మళ్లీ మళ్లీ అదే కనిపిస్తుంటే వచ్చే సీజన్‌లో బైలు సగానికి తగ్గించండి, లేదా ఒక రౌండ్ పెంచండి.